మోకాలు మార్పించుకున్నాక యాంటీబయాటిక్ ఎన్నాళ్లు వాడాలి?

మీరు అడిగినవి మూడు. అమ్మగారికి 67 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్, కుడి మోకాలు మార్పించి మూడు వారాలు. ఆసుపత్రిలో యాంటీబయాటిక్ ఇంజక్షన్లు ఒక్క రోజే ఇచ్చారు. డిశ్చార్జి చీటీలో నొప్పి మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర, క్యాల్షియం ఉన్నాయి గానీ యాంటీబయాటిక్ లేదు. మీ వీధిలోనే ఇంకొకావిడకి వేరే చోట పదిహేను రోజుల కోర్సు రాశారు కాబట్టి మీ డాక్టరు మర్చిపోయారేమోనని మొదటి అనుమానం. పన్ను సలుపుతోంది, పీకించే ముందు మందు వాడాలా అన్నది రెండోది. ఈలోగా మెడికల్ షాపతను ‘ఎందుకైనా మంచిది’ అని ఒక స్ట్రిప్పు చేతిలో పెట్టాడు, వేయమంటారా అన్నది మూడోది.

మూడోదానికి ముందు చెప్తాను: వేయొద్దు. మొదటిదానికి: మీరు రాసినదాన్ని బట్టి మర్చిపోయినట్టు లేదు, సరిగ్గానే చేశారు. రెండోదానికి జవాబు కాస్త పొడుగు, చివర్లో వస్తాను.

నేను ఎముకల డాక్టర్ని. కీళ్లు మార్చడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మొదటి ఏడెనిమిదేళ్లు నేనూ అందరికీ పది రోజుల కోర్సు రాసిచ్చినవాణ్ణే. ఎందుకు మానేశానో చెప్తే మీ అనుమానం దానంతటదే తీరుతుంది.

మనవాళ్లు ‘మోకాలి చిప్ప మార్చారు’ అంటారు గానీ అసలు మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక కింది కొసలో, కాలి ఎముక పై కొసలో అరిగిపోయిన భాగాన్ని పలచగా కోసేసి లోహపు తొడుగులు వేస్తాం, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతాం. చిప్పను చాలాసార్లు అలాగే వదిలేస్తాం. ఇది ఎందుకు చెప్తున్నానంటే, గొడవంతా ఆ లోహంతోనే. మాంసంలోకి సూక్ష్మజీవి దూరితే రక్తం అక్కడికి తెల్లకణాల్ని మోసుకొస్తుంది. లోహానికి రక్తనాళాలు ఎక్కడివి? 1957లో ఇంగ్లండులో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఒప్పుకున్నవాళ్ల చర్మంలోకి స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవిని ఎక్కించి చూస్తే, చీము పట్టడానికి లక్షల సంఖ్యలో సూక్ష్మజీవులు కావాల్సి వచ్చింది. అదే చోట ఒక పట్టుదారపు కుట్టు ఉంటే కొన్ని వందలే సరిపోయాయి. ఒక్క దారప్పోగుకే అంత తేడా ఉంటే మోకాల్లో పెట్టిన లోహం సంగతి మీరే ఊహించుకోండి.

పైగా ఆ సూక్ష్మజీవులు లోహానికి అతుక్కుని ఊరుకోవు. పెరట్లో నీళ్లతొట్టి గోడకి పట్టే పాచి చూశారు కదా, సరిగ్గా అలాంటి జారుడు పొర అల్లుకుని దాని కింద దాక్కుంటాయి. పాచి కిందికి మందు సరిగా దిగదు, దిగినా లోపల మందకొడిగా పడి ఉన్నవాటి మీద దానికి పట్టు దొరకదు. తొట్టి పాచిని నీళ్లు పోసి కడిగితే పోదు, గీకాలి. మోకాల్లో కూడా అంతే. పాచి ముదిరాక మాత్రలతో పోదు, మళ్లీ తెరవాల్సిందే.

అందుకని మందు పనిచేయాల్సిన సమయం చాలా చిన్నది. సూక్ష్మజీవి గాయంలో పడే వేళకి మందు అక్కడ సిద్ధంగా ఉండాలి. 1992లో అమెరికాలోని యూటాలో 2,847 ఆపరేషన్లను గమనించి రాసిన పరిశోధన ఒకటుంది. కోతకు ముందు రెండు గంటల లోపల యాంటీబయాటిక్ పడినవాళ్లలో గాయం ఇన్ఫెక్షన్ నూటికి ఒక్కరికన్నా తక్కువ. మరీ ముందుగా ఇచ్చినవాళ్లలో, కోత పెట్టిన మూడు గంటల తర్వాత ఇచ్చినవాళ్లలో నూటికి ముగ్గురికి పైనే. ఇప్పుడు మేం ఇంకా బిగించి, కోతకు ముందు గంట లోపల అంటున్నాం.

మీ అమ్మగారిని థియేటర్‌లోకి తీసుకెళ్లాక ఏం జరిగి ఉంటుందో చెప్తాను. నడుములో మత్తు సూది వేయడానికి ఆవిణ్ణి కూర్చోబెట్టి వంగమంటారు. ఆ పక్కనే నర్సు ఒక చిన్న సీసాలోని తెల్లటి యాంటీబయాటిక్ పొడిలో నీళ్లు కలిపి ఊపుతూ ఉంటుంది. సెఫజోలిన్ అయితే 2 గ్రాములు, బాగా బరువున్నవాళ్లకి 3. సెఫ్యూరాక్సిమ్ అయితే ఒకటిన్నర. అది చేతి నరంలోకి ఎక్కుతుంది. ఆ తర్వాతే తొడకి రక్తం ఆపే పట్టీ బిగిస్తాం. పట్టీ బిగించాక మందిస్తే అది మోకాలిదాకా చేరదు, ఇచ్చీ ఇవ్వనట్టే. కత్తి పట్టుకునే ముందు నేను గట్టిగా ‘మందు ఎక్కిందా, ఎన్నింటికి?’ అని అడుగుతాను. ఆపరేషన్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన తనిఖీ పట్టికలో కూడా ఈ ప్రశ్న ఉంది.

ఒకసారి నాకే జరిగింది. పొద్దున ఏడింటికి వార్డులోనే మందిచ్చేశారు. ముందున్న కేసు సాగి సాగి మా పేషెంటు టేబుల్ ఎక్కేసరికి పదకొండయింది. చీటీలో ‘ఇచ్చాం’ అని టిక్కు ఉంది. టైము అడగకపోయి ఉంటే అలాగే కోసేసేవాణ్ణి. మళ్లీ పూర్తి మోతాదు ఇప్పించి, కాసేపు ఆగి మొదలుపెట్టాం. అప్పట్నుంచి మా దగ్గర వార్డులో ఇవ్వడం బంద్.

ఇక ఆపరేషన్ అయ్యాక. కుట్లు వేసి కట్టు కట్టేశాక బయటి నుంచి లోపలికి దారి మూసుకుపోయినట్టే. లోపల పడాల్సింది ఏమన్నా ఉంటే అప్పటికే పడింది, మందు దాని పని చేసేసింది. ఆ తర్వాత రోజులకొద్దీ పొడిగిస్తే ఇన్ఫెక్షన్ ఇంకా తగ్గుతుందని గట్టి ఆధారం దొరకలేదు. ఆపరేషన్ ముగిశాక పొడిగించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది, మరుసటి ఏడు అమెరికా ప్రభుత్వ వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ కూడా దాదాపు అదే మాట చెప్పింది. కీళ్ల డాక్టర్లలో చాలామంది ఇప్పటికీ 24 గంటల దాకా ఇస్తారు. నేనూ రెండు మోతాదులు అదనంగా ఇస్తాను, అది అలవాటు అనండి, భయం అనండి. మీ అమ్మగారికి ‘ఒక్క రోజే’ ఇచ్చారంటే అది నిర్లక్ష్యం కాదు, లెక్క ప్రకారమే.

ఇంకో సంగతి. ఆ తొడుగుల్ని ఎముకకి అతికించడానికి సిమెంటు వాడి ఉంటే, అందులో చాలావరకు జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ కలిపే ఉంటుంది. 1970 ప్రాంతంలో జర్మనీలోని హాంబర్గ్‌లో బుహోల్ట్స్ అనే సర్జన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. అది మోకాల్లోనే కూర్చుని, మొదటి రోజుల్లో ఎక్కువగా, తర్వాత కొద్దికొద్దిగా మందు వదులుతుంది. ‘ఏ మందూ ఇవ్వలేదు’ అనుకుంటున్నారు గానీ మందు లోపలే ఉండి ఉండొచ్చు. డిశ్చార్జి కాగితాలకి అంటించిన ఇంప్లాంట్ స్టిక్కర్లలో సిమెంటుది కూడా ఉంటుంది, చూడండి.

మరి ఆ వీధిలో ఆవిడకి పదిహేను రోజులు ఎందుకు రాశారు? ఆవిడ కేసు నేను చూడలేదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, రెండోసారి చేసిన ఆపరేషనో, ఇంకేదో కారణం ఉండొచ్చు. బాగా రిస్కు ఉన్నవాళ్లకి ఓ వారం మాత్రలు ఇచ్చే సర్జన్లు అమెరికాలో కూడా ఉన్నారు, దాని మీద మాలో మాకే వాదనలున్నాయి. కానీ ఏ కారణమూ లేకుండా రాసేవాళ్లూ ఉన్నారు, అందులో నేనూ ఉండేవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. రేపు చీము పడితే ‘మందు కూడా రాయలేదు’ అంటారేమోనన్న భయం అది. చీటీ నిండా మందులుంటేనే డాక్టరు బాగా చూశాడనుకునే ఇళ్లు మనవి.

ఉత్తినే వేస్తే పోయేదేముంది అంటారా, ఉంది. పెద్దవయసువాళ్లకి విరేచనాలు పట్టుకుంటే నీరసం, షుగర్ ఎగుడుదిగుళ్లు, రాత్రిపూట బాత్రూముకి పరుగు, కొత్త మోకాలితో జారి పడటం. కొన్ని యాంటీబయాటిక్స్‌కి రక్తం పలచబరిచే మాత్రలతో పేచీ. ఒంట్లో మంచి సూక్ష్మజీవులు చచ్చి మొండివి మిగలడం. బలమైన మందు జత చేస్తే మేలేమో అన్న ఆశ కూడా తేలిపోయింది. ఆస్ట్రేలియాలో నాలుగు వేల మందికి పైగా కీళ్ల పేషెంట్ల మీద చేసి 2023లో ప్రచురించిన పరీక్షలో, సెఫజోలిన్‌కి తోడు వాంకోమైసిన్ కూడా ఇచ్చినా అదనపు లాభం కనబడలేదు.

వీటన్నిటికంటే పెద్ద నష్టం వేరే ఉంది. కొన్నేళ్ల కింద ఒకావిడ వచ్చింది. మోకాలు మార్చి ఐదు వారాలు. తొమ్మిదో రోజున కుట్ల కింది కొస దగ్గర రసి కారింది. ఆపరేషన్ చేసిన ఊరు దూరం, బండి కట్టించుకోవాలి, ఎందుకులే అని దగ్గర్లో సూది మందులు వేయించుకున్నారు, మాత్రలు మింగారు. రసి తగ్గింది, మందు ఆపితే మళ్లీ వచ్చింది, మళ్లీ మందు మార్చారు. నా బల్ల మీద కవరు బోర్లిస్తే మూడు రకాల యాంటీబయాటిక్ స్ట్రిప్పులు పడ్డాయి, ఒక్కటీ పూర్తిగా వాడలేదు. మోకాల్లోంచి నీరు తీసి కల్చరుకి, అంటే అందులోని సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్షకి, పంపాం. రిపోర్టు: ఏమీ పెరగలేదు. పెరగదు మరి, సగం సగం మందులతో పైపైన ఉన్నవి చచ్చి, పాచి కిందవి కులాసాగా ఉన్నాయి. ఏ సూక్ష్మజీవో తెలియకుండా వైద్యం చేయడమంటే చీకట్లో పాముని కొట్టడమే. రెండు వారాలు మందులన్నీ ఆపి మళ్లీ తీస్తే అప్పుడు దొరికింది. అప్పటికి పెట్టిన కీలు తీసేయక తప్పలేదు. మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టి, ఆరు వారాలు సెలైన్లో మందెక్కించి, నెలల తర్వాత మళ్లీ కొత్త కీలు పెట్టాం. రసి కనబడిన మొదటి వారంలో వచ్చి ఉంటే తెరిచి, కడిగి, మధ్యలో ప్లాస్టిక్ పలక మార్చి కీలు కాపాడుకునే వీలుండేది. ఆవిణ్ణి ముంచింది మందు లేకపోవడం కాదు, మందు కప్పిపెట్టిన నాలుగు వారాలు.

అందుకే మీ చేతిలో స్ట్రిప్పు వద్దన్నాను. ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్‌ని ఆపేది ఇంట్లోవాళ్ల కళ్లు. ఏం చూడాలంటే: గాయం పొడిగా ఉందా. మొదటి మూడు నాలుగు రోజులు కట్టు మీద కొంచెం తడి, నెత్తుటి మరక మామూలే. ఐదో రోజు దాటినా రసి ఆగకపోతే, లేదా ఎండిన గాయం మళ్లీ తడిస్తే, అది ఎంత చిన్న చుక్కయినా ఆపరేషన్ చేసినవాళ్లకే చూపించాలి, అదీ ఆ రోజో మర్నాడో. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం, ఎరుపు రోజురోజుకీ పాకడం, చలిజ్వరం, నిన్న వంగిన మోకాలు ఇవాళ వంగకపోవడం, ఇవి కూడా అంతే. మోకాలు చేత్తో తాకితే వెచ్చగా ఉందని మాత్రం హడలిపోకండి. కొన్ని నెలలపాటు రెండో మోకాలికన్నా వెచ్చగానే ఉంటుంది, మా దగ్గరికొచ్చే ఫోన్లలో సగం దీనికే. రోజూ ఒకే చోట, ఒకే వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి. ‘పెరిగిందా తగ్గిందా’ అని ఇంట్లో తగాదా పడకుండా ఫొటోలే చెప్తాయి.

ఒంట్లో వాపు ఎంతుందో చూపే సీఆర్పీ రక్తపరీక్ష ఎవరైనా చేయించమంటే ఒక్కటి గుర్తుంచుకోండి. ఆపరేషన్ తర్వాత రెండో మూడో రోజుకి అది బాగా ఎగబాకి, తర్వాత దిగుతూ మూడు నుంచి ఆరు వారాల్లో మామూలుకొస్తుంది. ఒక్క రిపోర్టులో అంకె ఎక్కువుందని కంగారు వద్దు, దిగింది మళ్లీ లేస్తేనే అనుమానం.

ఇంకా నయం, మీరు పత్యం గురించి అడగలేదు. కానీ ఇంట్లో ఎవరో ఒకరు ‘పప్పు పెట్టకండి, చీము పడుతుంది’ అనే ఉంటారు. మా అత్తగారు కూడా నా ముందే అంటుంది, నేను సర్జన్నని తెలిసీ. పప్పుతో చీము పట్టదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, చేప, పెరుగు తినేవాళ్లకి తినిపించండి. కారప్పొడి అన్నంతో నెలరోజులు గడిపి గాయం సరిగా మానని పెద్దవాళ్లని ఎంతోమందిని చూశాను. గాయం మీద పసుపు, కొబ్బరినూనె, విభూది ఏవీ వద్దు. షుగర్ మాత్రం రోజూ చూడండి. షుగర్ అదుపు తప్పితే ఏ యాంటీబయాటిక్ దాన్ని పూడ్చలేదు. కాలి మడమల పగుళ్లు, తడికి పాచిపోయిన వేళ్ల సందులు చూసి వైద్యం చేయించండి. చర్మం చీలిన ప్రతిచోటా సూక్ష్మజీవికి వాకిలే. చూడ్డానికొచ్చే చుట్టాలు మంచం మీద కూర్చుని కట్టు నొక్కి చూడకుండా చూసుకోవడం మీ నేర్పు.

మందుకన్నా శుభ్రం ఎంత పని చేస్తుందో చెప్పడానికి పాత ఉదాహరణ ఒకటుంది. 1960లలో ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ తుంటి కీళ్లు మార్చడం మొదలుపెట్టినప్పుడు తొలి రోజుల్లో నూటికి ఏడెనిమిది మందికి ఇన్ఫెక్షన్ వచ్చేది. ఆయన థియేటర్ గాలిని వడగట్టించాడు, డాక్టర్ల ఊపిరి సైతం బయటికి లాగేసే దుస్తులు తొడిగించాడు. ముందు జాగ్రత్త యాంటీబయాటిక్ మీద ఆధారపడకుండానే అది నూటికి ఒకటి లోపుకి దిగింది.

ఇప్పుడు పన్ను. భయం ఎక్కణ్నుంచి వచ్చిందంటే, పన్ను పీకినప్పుడు నోట్లో సూక్ష్మజీవులు కాసేపు రక్తంలో కలుస్తాయి, అవి వెళ్లి కీలులో చేరతాయేమోనని. నిజానికి గట్టిగా పళ్లు తోముకున్నా, నమిలినా కూడా కొన్ని కలుస్తూనే ఉంటాయి. ఒకప్పుడు అమెరికాలో కీలు మార్చినవాళ్లందరికీ పన్ను వైద్యానికి ముందు మందు ఇచ్చేవాళ్లు. అందరికీ అలా ఇవ్వనక్కర్లేదని అక్కడి దంతవైద్యుల సంఘం 2015 నుంచీ చెప్తోంది. ఇంగ్లండులో ఇలా ఇచ్చే ఆనవాయితీ లేదు. అక్కడ కీలు ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్ల రికార్డులు వెనక్కి తిరగేసి 2022లో ప్రచురిస్తే, అంతకు ముందు చేయించుకున్న పన్ను వైద్యానికీ దానికీ సంబంధం కనబడలేదు.

కానీ మీ అమ్మగారి విషయంలో రెండు తేడాలున్నాయి: ఆపరేషన్ అయి మూడు వారాలే, పైగా షుగర్. క్లీనింగ్, క్యాపు, కట్టుడు పళ్లు లాంటివైతే మూడు నెలలు ఆపమంటాను. చిగురు వాచి చీము ఉంటే మాత్రం ఆపకండి. చీము పట్టిన పన్నుని నోట్లో ఉంచుకోవడం, దాన్ని పీకించడం కన్నా ప్రమాదం. అలాంటప్పుడు మూడు నెలల చక్కెర సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 8 దాటి ఉంటే ముందుగా ఒక మోతాదు ఇవ్వడం మేలని చాలామంది సర్జన్ల అభిప్రాయం. అది మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు, పీకడానికి గంట ముందు, ఒక్కసారే. ముందు మూడు రోజులు, తర్వాత ఐదు రోజులు అనే కోర్సు దీనికి కాదు. చీముకి వైద్యంగా కోర్సు కావాలంటే అది పళ్ల డాక్టరు రాస్తారు, అది వేరే లెక్క. ఎప్పుడో చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదని ఇంట్లో చెప్పుకునే మాట ఉంటే అది కూడా చెప్పండి. ఏం జరిగిందో అడిగి, మందు మార్చాలో వద్దో వాళ్లు తేలుస్తారు.

ఇంకా ముఖ్యమైంది, ఆవిడ వేసుకుంటున్న రక్తం గడ్డకట్టకుండా ఉండే మాత్ర. అది తెలియకుండా పీకితే రక్తం త్వరగా ఆగకపోవచ్చు, మీ అంతట మీరు ఆపితే కాల్లో గడ్డ కట్టొచ్చు. చీటీ తీసుకెళ్లి పళ్ల డాక్టరు చేతే మీ సర్జన్‌కి ఫోన్ చేయించండి. ఇద్దరూ మాట్లాడుకుంటే రెండు నిమిషాల పని.

ఎడమ మోకాలు కూడా అరిగిందని రాశారు కాబట్టి, దానికి వెళ్లేలోగా నోరంతా బాగు చేయించేయండి. ఆపరేషన్‌కి ముందు మూడు నెలల్లో ఆ మోకాల్లోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయనివ్వకండి. ముందు రోజు రాత్రి ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు తీయకండి, కంటికి కనబడని గాట్లు పడతాయి. అవసరమైతే థియేటర్ దగ్గర క్లిప్పర్‌తో వాళ్లే తీస్తారు.

షాపతనిచ్చిన స్ట్రిప్పులోంచి ఇప్పటికే ఒకటో రెండో వేసి ఉంటే దాచకండి. మందు పేరు, ఎన్ని వేశారు, ఏ తేదీన, ఒక కాగితం మీద రాసి ఈసారి చెకప్‌కి పట్టుకెళ్లండి. ఎప్పుడైనా మోకాల్లోంచి నీరు తీయాల్సి వస్తే వాళ్లు మొదట అడిగేది అదే.